ప్రాసెసర్ ధరల యుద్ధం: రెండో దుకాణం మూతపడితే బిల్లు కట్టేది ఎవరు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవడానికి వెళ్తే, కౌంటర్ దగ్గర ఎదురయ్యే మొదటి ప్రశ్న: ‘‘ఇంటెలా, ఏఎండీయా సార్?’’ పదేళ్ల కిందట ఈ ప్రశ్నకు పెద్ద అర్థం లేదు. చేతిలో డబ్బు తక్కువైతే ఏఎండీ, కాస్త ఎక్కువుంటే ఇంటెల్. అంతకు మించి ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు అది నిజమైన ప్రశ్న అయిందంటే, మధ్యలో ఒక ధరల యుద్ధం జరగడమే కారణం. అందులో కొనేవాళ్లు బాగా లాభపడ్డారు.

ఆ లాభం ఎంతకాలం ఉంటుందన్నదే ఇప్పటి సమస్య. ప్రాసెసర్లలో ధరల పోటీ గత పాతికేళ్లలో రెండుసార్లు పెద్ద ఎత్తున సాగింది. మొదటిసారి ఓడిన కంపెనీ తన ఫ్యాక్టరీలను పోగొట్టుకుంది. రెండోసారి ఓడిన కంపెనీని నిలబెట్టడానికి ఏకంగా అమెరికా ప్రభుత్వం వాటాదారుగా మారింది. ధర తగ్గినప్పుడు సంబరపడటం సహజం. తగ్గించిన వాళ్లు ఆ తర్వాత ఏమయ్యారో చూస్తే, మన ముందు ముందు బిల్లు గురించి కొంత అర్థమవుతుంది.

ఆరేళ్లు, నాలుగే కోర్లు

2011 జనవరిలో ఇంటెల్ అమ్మిన కోర్ ఐ7-2600కె ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు ఉండేవి. కోర్ అంటే చిప్ లోపల విడిగా పని చేయగల ఒక యూనిట్. నాలుగు కోర్లంటే ఒకేసారి పని చేసే నాలుగు చేతులనుకోవచ్చు. దాని ధర 317 డాలర్లు. సరిగ్గా ఆరేళ్లకు, 2017 జనవరిలో వచ్చిన కోర్ ఐ7-7700కె ధర 339 డాలర్లు. కోర్లు మళ్లీ నాలుగే. వేగం కొంత పెరిగింది, కరెంటు వాడకం కొంత మెరుగైంది. ఎనిమిది కోర్లు కావాలనుకుంటే వెయ్యి డాలర్లకు పైగా పెట్టి ఐ7-6900కె కొనుక్కోవాల్సిందే.

ఎందుకిలా? చేయలేక కాదు, చేయాల్సిన అవసరం లేక. ఎదురుగా పోటీదారే లేడు. అప్పటికి ఏఎండీ షేరు 2 డాలర్ల లోపుకు కూడా పడిపోయింది. ఆ కంపెనీ మూతపడుతుందా, ఎవరైనా కొనేస్తారా అని మార్కెట్లో లెక్కలు వేస్తున్న రోజులవి. 2014 అక్టోబరులో సీఈఓగా పగ్గాలు చేపట్టిన లీసా సూ మిగిలిన డబ్బంతా ఒక కొత్త డిజైన్ మీద పెట్టారు. దాని ఫలితమే 2017 మార్చి 2న మార్కెట్లోకి వచ్చిన రైజెన్. ఎనిమిది కోర్ల రైజెన్ 7 1800ఎక్స్ ధర 499 డాలర్లు. ఇంటెల్ వెయ్యికి పైగా తీసుకుంటున్న సరుకుకు పోటీగా, అందులో సగానికే.

ఇంటెల్ స్పందించడానికి ఏడాది కూడా పట్టలేదు. అదే అక్టోబరులో వచ్చిన ఎనిమిదో తరం చిప్‌లలో ఐ7కు ఆరు కోర్లు వచ్చాయి. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది కింది మెట్టు. ఇంజనీరింగ్ విద్యార్థులు, చిన్న ఆఫీసులు, డీటీపీ షాపులు కొనే ఐ3లో అప్పటిదాకా రెండు కోర్లే. ఐ3-7100 ధర 117 డాలర్లు. ఆ ఏడాది చివరికి వచ్చిన ఐ3-8100 ధర కూడా 117 డాలర్లే, కోర్లు మాత్రం నాలుగు. ఆరేళ్లు కదలనిది తొమ్మిది నెలల్లో రెట్టింపైంది. ఒక్క ఏడాదిలో భౌతికశాస్త్రం మారిపోలేదు. పక్కన ఇంకో దుకాణం తెరుచుకుంది.

ఆ ఒత్తిడి పై మెట్టుకు కూడా పాకింది. 2018లో 1,979 డాలర్లున్న 18 కోర్ల ఐ9-9980ఎక్స్ఈ స్థానంలో, 2019లో అన్నే కోర్లున్న 10980ఎక్స్ఈని ఇంటెల్ 979 డాలర్లకు ప్రకటించింది. ఒక తరం మారేసరికి ధర సగమైపోవడం ఆ కంపెనీ చరిత్రలో అరుదు.

పాత యుద్ధం, అప్పటి మూల్యం

ఇది మొదటిసారి కాదని ముందే చెప్పాను. 2000ల మధ్యలో ఏఎండీదే పైచేయి. ఆథ్లాన్ 64 చిప్‌లు వేగంలోనూ, వేడి తక్కువ పుట్టించడంలోనూ పెంటియం 4 కన్నా మెరుగ్గా ఉండేవి. ధరలూ అందుకు తగ్గట్టే ఉండేవి. 2006 జులైలో ఇంటెల్ కోర్ 2 డ్యుయో తెచ్చింది. దాని దెబ్బకు ఏఎండీ తన ఆథ్లాన్ 64 ఎక్స్2 5000+ ధరను 696 డాలర్ల నుంచి 301కి, 3800+ ధరను 303 నుంచి 152కి తగ్గించింది. కొనేవాళ్లకు పండగే.

అదే నెలలో ఏఎండీ 5.4 బిలియన్ డాలర్లతో గ్రాఫిక్స్ కంపెనీ ఏటీఐని కొంటున్నట్టు ప్రకటించింది. ఒకపక్క అప్పు, మరోపక్క సగం ధరకు అమ్మకాలు. 2007లో కంపెనీ నష్టం 3.38 బిలియన్ డాలర్లు. 2008లో తన ఫ్యాక్టరీలను విడదీసి అబుధాబి ప్రభుత్వ పెట్టుబడి సంస్థతో కలిసి మరో కంపెనీకి అప్పగించాలని నిర్ణయించింది. అదే నేటి గ్లోబల్‌ఫౌండ్రీస్. అప్పటి నుంచి ఏఎండీ డిజైన్ మాత్రమే చేస్తుంది, చిప్‌ను వేరేవాళ్లు తయారు చేసిపెడతారు. 2011 నుంచి 2017 దాకా మనం చూసిన ‘నాలుగు కోర్ల’ స్తబ్దతకు బీజం ఆ 2006 డిస్కౌంట్లలోనే పడింది.

అయితే ఏఎండీ కేవలం మార్కెట్లో ఓడిపోయిందనుకుంటే సగం కథే తెలిసినట్టు. ధర తగ్గించడానికీ, డబ్బిచ్చి తలుపులు మూయించడానికీ తేడా ఉంది. 2009 మేలో యూరోపియన్ కమిషన్ ఇంటెల్‌పై 1.06 బిలియన్ యూరోల జరిమానా వేసినప్పుడు బయటపెట్టిన వివరాల్లో ఒకటి ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఒక కంప్యూటర్ తయారీ సంస్థకు ఏఎండీ 10 లక్షల ప్రాసెసర్లను ఉచితంగా ఇస్తానంది. ఆ సంస్థ 1.6 లక్షలే తీసుకుంది. మిగతావి ఊరికే ఇస్తామన్నా వద్దంది. అవి తీసుకుంటే మిగతా కొనుగోళ్లన్నిటిపై ఇంటెల్ ఇచ్చే రిబేటు పోతుందన్నదే భయమని కమిషన్ తేల్చింది. సున్నా రూపాయల సరుకు కూడా ఖరీదైపోయే పరిస్థితి అది.

డెల్ కథ ఇంకా స్పష్టం. ఇంటెల్ చిప్‌లు మాత్రమే వాడినందుకు డెల్‌కు అందిన చెల్లింపులు, 2007 ఆర్థిక సంవత్సరం మొదటి త్రైమాసికంలో ఆ కంపెనీ నిర్వహణ లాభంలో 76 శాతానికి సమానమని అమెరికా సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఆరోపించింది. ఆ సంగతి ఇన్వెస్టర్లకు చెప్పలేదన్న కేసును డెల్ 2010లో 10 కోట్ల డాలర్లు కట్టి, తప్పు ఒప్పుకోకుండానే పరిష్కరించుకుంది. ఇంటెల్ కూడా 2009 నవంబరులో ఏఎండీకి 1.25 బిలియన్ డాలర్లు చెల్లించి ఆ కంపెనీతో ఉన్న కేసులన్నీ ముగించుకుంది.

యూరప్ జరిమానా మాత్రం కోర్టుల్లో నలిగింది. రిబేట్ల వల్ల పోటీకి నష్టం జరిగిందని కమిషన్ సరిగ్గా నిరూపించలేదంటూ 2022 జనవరిలో జనరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. 2024 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పునే సమర్థించింది. ఏఎండీ ఉత్పత్తులను ఆపడానికో ఆలస్యం చేయడానికో నేరుగా డబ్బిచ్చిన భాగం మీద మాత్రం 2023లో కమిషన్ మళ్లీ 37.6 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2002లో మొదలైన వ్యవహారం మీద రెండు దశాబ్దాలు దాటాక వచ్చిన తీర్పులివి. ఈలోగా మార్కెట్ రెండుసార్లు తలకిందులైంది. పోటీ చట్టం వేగానికీ చిప్ మార్కెట్ వేగానికీ పొంతన లేదు.

ఆధిక్యం దక్కితే ఎవరైనా ఒకటే

ఏఎండీ అభిమానులకు ఈ భాగం అంతగా నచ్చకపోవచ్చు. 2019 జులైలో వచ్చిన ఆరు కోర్ల రైజెన్ 5 3600 ధర 199 డాలర్లు. మన దగ్గరా బాగా అమ్ముడైన చిప్ అది. 2020 నవంబరులో తర్వాతి తరం వచ్చింది. ఆటల్లో కూడా ఇంటెల్‌ను దాటేసిన తరమిది. ఈసారి ఆరు కోర్ల మోడళ్లలో మొదట వచ్చింది 5600ఎక్స్ ఒక్కటే, ధర 299 డాలర్లు. అంతకుముందు ఎక్స్ మోడల్ 249. చౌక రకం అసలు విడుదలే చేయలేదు.

మరి అది ఎప్పుడొచ్చింది? 2021 నవంబరులో ఇంటెల్ 12వ తరం వచ్చి, 2022 జనవరిలో ఐ5-12400 వంటి 200 డాలర్ల లోపు చిప్‌లతో గట్టి పోటీ మొదలయ్యాక. 2022 ఏప్రిల్‌లో రైజెన్ 5 5600ను ఏఎండీ 199 డాలర్లకు తెచ్చింది. పదిహేడు నెలల పాటు ‘కుదరని’ ధర, పోటీదారు రాగానే కుదిరింది. మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ అనే తగువు ఫ్యాన్స్‌కు వదిలేద్దాం. ధరను నిర్ణయించేది ఆ నెలలో ఎవరు వెనకబడి ఉన్నారన్నదే.

సర్వర్ల మార్కెట్లో ఈ పోటీ మరింత తీవ్రం. మనం నేరుగా కొనకపోయినా యూపీఐ, రైల్వే టికెట్లు, ఓటీటీ అన్నీ నడిచేది ఆ చిప్‌ల మీదే. 2017లో ఏఎండీకి అక్కడ ఒక శాతం వాటా కూడా లేదు. 2025 నాటికి అమ్ముడైన యూనిట్లలో నాలుగో వంతు దాటింది. 2024 సెప్టెంబరులో ఇంటెల్ 128 కోర్ల జియాన్ 6980పీని 17,800 డాలర్లకు ప్రకటించింది. పక్కనే 192 కోర్ల ఏఎండీ ఎపిక్ 9965 ధర 14,813. నాలుగు నెలలు తిరక్కుండానే ఇంటెల్ ధర 12,460కి దిగింది. ఒక్కో చిప్ మీద 5,340 డాలర్ల కోత. పోటీ ఇద్దరితోనే ఆగలేదు కూడా. అమెజాన్ 2018 నుంచి తన డేటా సెంటర్లకు గ్రావిటాన్ పేరిట ఆర్మ్ డిజైన్ ఆధారిత చిప్‌లు తానే చేయించుకుంటోంది. ఆపిల్ 2020లో మ్యాక్‌ల నుంచి ఇంటెల్‌ను సాగనంపడం మొదలుపెట్టింది.

ఈసారి నష్టపోయింది ఇంటెల్

ఇంటెల్ 2021లో 79 బిలియన్ డాలర్ల ఆదాయం మీద దాదాపు 20 బిలియన్ల లాభం చూపింది. 2024లో ఆదాయం 53 బిలియన్లకు పడిపోయింది, నష్టం 18.8 బిలియన్లు. ఇందులో పెద్ద భాగం ఆస్తుల విలువ తగ్గించి రాసుకున్న పద్దులే. దీన్నంతా ధరల యుద్ధం ఖాతాలో వేయడం కూడా న్యాయం కాదు. 10 నానోమీటర్ల టెక్నాలజీ ఏళ్ల తరబడి ఆలస్యమైంది. మొబైల్ ఫోన్ల అవకాశం, ఆ తర్వాత ఏఐ అవకాశం చేజారాయి. కానీ ఈ తప్పులన్నీ 2012లో జరిగి ఉంటే లాభాలు వాటిని కప్పేసేవి. సరుకు ధర తగ్గించక తప్పని రోజుల్లో జరిగాయి కాబట్టి కప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఆ తర్వాతవి వరసగా జరిగిపోయాయి. 2024 ఆగస్టులో 15 వేల ఉద్యోగాల కోత, డివిడెండ్ నిలిపివేత. డిసెంబరులో సీఈఓ పాట్ గెల్సింగర్ నిష్క్రమణ. 2025లో కొత్త సీఈఓ లిప్-బూ టాన్ జర్మనీ ఫ్యాక్టరీని రద్దు చేశారు. ఒహాయో ఫ్యాక్టరీ 2030 తర్వాతకు వెళ్లింది. 2023 చివర్లో లక్షా 24 వేల మంది ఉన్న కంపెనీలో ప్రధాన సిబ్బందిని 75 వేలకు దించడం లక్ష్యంగా పెట్టుకున్నారు. ఇంటెల్‌కు బెంగళూరులోనూ, 2019 నుంచి హైదరాబాద్‌లోనూ డిజైన్ కేంద్రాలున్నాయి. ఏఎండీకీ రెండు నగరాల్లోనూ ఇంజనీర్లున్నారు. అదే కంపెనీ 2023లో భారత్‌లో ఐదేళ్లలో 40 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. కాబట్టి మన పిల్లల్లో కొందరు చిప్ చౌకగా వచ్చిందని సంతోషిస్తుంటే, కొందరు అదే కారణంతో ఉద్యోగం గురించి భయపడుతున్నారు. రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు.

2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం 8.9 బిలియన్ డాలర్లతో ఇంటెల్‌లో దాదాపు 10 శాతం వాటా తీసుకుంది. సెప్టెంబరులో ఎన్విడియా 5 బిలియన్లు పెడతానంది. మార్కెట్ తీర్పే అంతిమమని మిగతా దేశాలకు పాఠాలు చెప్పిన దేశం ఒక చిప్ కంపెనీలో వాటా ఎందుకు కొన్నట్టు? కారణం ఫ్యాక్టరీలు.

ఇద్దరు అమ్మేవాళ్లు, ఒకే కార్ఖానా

కౌంటర్ మీద రెండు బ్రాండ్ల డబ్బాలు కనిపిస్తాయి. వాటిని విప్పి వెనక్కి వెళ్తే కథ వేరు. ఏఎండీ ప్రాసెసర్లలో ప్రధాన భాగాలు తయారయ్యేది తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీలో. ఆపిల్, ఎన్విడియా, క్వాల్‌కామ్ చిప్‌లూ అక్కడే. 2024లో ఇంటెల్ తెచ్చిన లూనార్ లేక్, యారో లేక్ చిప్‌లలో అసలు లెక్కలు చేసే భాగం కూడా టీఎస్‌ఎంసీ దగ్గర చేయించుకున్నదే. అంటే ఒక దశలో ఈ ఇద్దరు బద్ధశత్రువులూ ఒకే కార్ఖానా ముందు వరసలో నిలబడ్డారు. కార్ఖానా రేటు పెంచితే ఇద్దరికీ పెరుగుతుంది. ఇక వాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడి తగ్గించగలిగేది తమ లాభంలోంచి మాత్రమే.

ఇంటెల్ 2026 జనవరిలో ప్యాంథర్ లేక్‌ను సొంత 18ఏ టెక్నాలజీతో తేవడం అందుకే ఒక కొత్త చిప్ విడుదల కన్నా పెద్ద విషయం. ఏఎండీ తరహాలో ఇంటెల్ కూడా ఫ్యాక్టరీలు వదిలేసుకుంటే, అత్యాధునిక తయారీలో టీఎస్‌ఎంసీకి మిగిలేది ఒక్క శామ్‌సంగ్ పోటీయే.

సరఫరా ఒకరిద్దరి చేతుల్లో ఉంటే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, ర్యామ్ బిల్లు చూస్తే చాలు. ప్రపంచంలో మెమరీ చిప్‌లలో అత్యధిక భాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడే తయారు చేస్తాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ పెరగడంతో వాటి దృష్టి అటు మళ్లింది. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. డిసెంబరు 3న మైక్రాన్ ఏకంగా మామూలు వినియోగదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ప్రాసెసర్ దగ్గర పోటీ పుణ్యమా అని మిగిలిన డబ్బు ర్యామ్ దగ్గర ఖర్చైపోతోంది. అదే సమయంలో పాత తరం చిప్‌లకు గిరాకీకి తగ్గ సరఫరా చేయలేకపోతున్నట్టు ఇంటెల్ కూడా చెప్పింది. కొరత ఉన్నచోట డిస్కౌంట్ ఉండదు.

మన కౌంటర్ దాకా వచ్చేసరికి

అమెరికాలో తగ్గిన ధర మన దగ్గర అంతే తగ్గదు. ప్రాసెసర్ల మీద మనకు కస్టమ్స్ సుంకం లేదు కానీ 18 శాతం జీఎస్టీ ఉంది. అంతకన్నా పెద్ద దెబ్బ రూపాయిది. 199 డాలర్ల చిప్ 2019లో డాలర్ 69 రూపాయలున్నప్పుడు పన్నుకు ముందు 13,700. 2025 డిసెంబరులో డాలర్ 90 దాటాక అదే 199 డాలర్లు దాదాపు 17,900. కంపెనీ ఒక్క సెంటు పెంచకపోయినా మనకు నాలుగు వేలు పెరిగింది.

విదేశాల్లో తక్కువకు దొరికితే అక్కడ నుంచి తెచ్చుకోవచ్చు కదా? చాలామంది వ్యాపారులు ఆ పనే చేసేవారు. డబ్బాలో అమ్మే ప్రాసెసర్లను భారత్‌లోని అధీకృత పంపిణీదారుల దగ్గర కొంటేనే ఇక్కడ వారంటీ అని ఇంటెల్ 2016లో నిబంధన పెట్టింది. దీనిపై వచ్చిన ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2019లో దర్యాప్తుకు ఆదేశించింది. ధరల పోటీ అన్నది చిప్ కంపెనీల మధ్యే కాదు, ఆ చిప్ ఏ దారిలో మన దాకా వస్తుందన్న దానిమీద కూడా ఉంటుందని ఈ కేసు చూపించింది.

ప్రభుత్వ కొనుగోళ్లది మరో కథ. టెండర్లలో ఫలానా బ్రాండే కావాలని రాయకూడదని కేంద్రం 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల్లో 144వ నియమం చెబుతుంది. వేల సంఖ్యలో కంప్యూటర్లు కొనే విశ్వవిద్యాలయాలు, విద్యుత్ సంస్థలు, కోర్టులు, పోలీసు శాఖలు ఆ నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఏ ఒక్క షాపు కస్టమరూ తేలేనంత ఒత్తిడి ధరల మీద పడుతుంది. పనితీరు ఇంత ఉండాలి అని రాయడం కష్టమేమీ కాదు. బ్రాండ్ పేరు రాయడం మరింత సులువు, అంతే.

ఇక స్వదేశీ చిప్‌ల మాట. 2025 డిసెంబరులో టాటా ఎలక్ట్రానిక్స్, ఇంటెల్ ఒక అవగాహన ఒప్పందం కుదుర్చుకున్నాయి. గుజరాత్‌లోని ధోలేరా ఫ్యాక్టరీలో, అస్సాంలోని ప్యాకేజింగ్ యూనిట్‌లో ఇంటెల్ ఉత్పత్తుల తయారీ అవకాశాలను పరిశీలించడం దాని ఉద్దేశం. ఎదురులేని రోజుల్లో ఉన్న ఇంటెల్ అయితే ఈ ఒప్పందానికి ఇంత తొందరపడేది కాదని నా అంచనా. అయితే ధోలేరాలో మొదట వచ్చేది 28 నానోమీటర్లు, అంతకన్నా పాత టెక్నాలజీ. కార్లకు, ఛార్జర్లకు, డిస్‌ప్లేలకు అది చాలు. లాప్‌టాప్‌లో గుండెకాయ లాంటి చిప్ అందులో తయారు కాదు.

కాబట్టి మన బిల్లును తేల్చే నిర్ణయం ఇంకా మన చేతుల్లోకి రాలేదు, అరిజోనాలోనో తైవాన్‌లోని శించులోనో ఉంది. 2025 జులైలో ఇంటెల్ తన త్రైమాసిక నివేదికలో ఇన్వెస్టర్లకు ఒక హెచ్చరిక రాసింది. 18ఏ తర్వాత రావాల్సిన 14ఏ టెక్నాలజీకి బయటి నుంచి పెద్ద కస్టమర్ దొరక్కపోతే, దాన్ని ఆపేయడమో పూర్తిగా వదిలేయడమో జరగొచ్చని. ఆ నివేదిక వచ్చిన మరుసటి నెలలోనే వాషింగ్టన్ వాటా కొన్నది.